సలి పెడ్తలేదా?

మా ఊళ్ళో చలికాలం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. మంచు తర్వాత పడుతుంది. పెట్టె అడుగునున్న గొంగళ్ళు తర్వాత బయటికొస్తాయి. ముందు ప్రశ్న వస్తుంది. "సలి పెడ్తలేదా బిడ్డా?"

వినడానికి ఎంత ప్రేమగల మాట! అడిగేవాళ్ళ నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టే ఉంటుంది. కానీ ఒక చలికాలమంతా పూటకు పదిమంది దగ్గర ఈ మాట విన్నదాన్ని కనుక దీని లోగుట్టు నాకు తెలుసు. అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా నా మొహం చూసి అడగలేదు. అందరూ మోకాళ్ళు చూసే అడిగారు.

మాది అచ్చంపేట దాటాక, నల్లమల మొదలయ్యే దగ్గరున్న పల్లె. డిగ్రీ అయ్యాక నేను పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పట్నంలో మూడు నెలలు ఒకే గదిలో ఐదుగురం సర్దుకొని కోచింగ్ తీసుకున్నాం. మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. తర్వాతి మెట్టు పరుగు. ఎనిమిది వందల మీటర్లు, గడియారం పెట్టి ఉరికిస్తారు. టైము దాటితే ఇంటికే. ఆ పరుగు జనవరిలో, పాలమూరు స్టేడియంలో అని తెలిసింది. అంటే నేను తయారవ్వాల్సింది సరిగ్గా చలికాలంలో. ఆ ముహూర్తం నేను పెట్టింది కాదు. అయినా ఊళ్ళో చాలామంది నేనే పెట్టించినట్టు మాట్లాడారు.

నాయిన ఒక్క మాట చెప్పాడు. "ఒక్కపారి ఉరుకు బిడ్డా. వస్తె వచ్చె. రాకుంటె మల్ల గీ ముచ్చట ఎత్తొద్దు. సంబంధం చూస్త." నాయిన మాటంటే మాటే, మంచికైనా చెడ్డకైనా. కాబట్టి నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క చలికాలం.

పరుగుకు బట్టలు కావాలి. అచ్చంపేట బజారులో దొరికే నిక్కర్లన్నీ మగపిల్లల కొలతలవి, నాకు నడుము దగ్గర జారేవి. బస్టాండు వెనక కుట్టుమిషన్ పెట్టుకున్న ముసలి దర్జీ చాచా దగ్గరికి పోయాను. నా డ్రెస్సులన్నీ చిన్నప్పటి నుంచి ఆయనే కుట్టాడు. టేపు పట్టుకొని "ఎంత పొడుగు పెట్టాలె బేటా?" అన్నాడు. "మోకాలి దాకా" అన్నాను, కొంచెం భయంగానే. చాచా కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూశాడు. ఇక నాలుగు సుద్దులు చెప్పి పంపిస్తాడు అనుకున్నాను. "మోకాలికి రెండు వేళ్ళు మీదికే పెడ్త తియ్. మోకాలు ఆడకుంటె ఉరుకుడెట్ల?" అన్నాడు. ఆ చలికాలంలో నా బట్టల గురించి నేను విన్న మొదటి తెలివైన మాట అదే. తర్వాత చాలా రోజుల దాకా ఇంకొకటి వినలేదు.

ముదురు నీలం కాటన్ నిక్కరు. పైన కాలేజీలో ఆటల పోటీలకిచ్చిన పొట్టి చేతుల టీషర్టు. ఎండాకాలం బట్టలే, కాదనను. మొదటి వారం పది రోజులు ఇంకా ఉక్కపోతగానే ఉంది కనుక ఎవరూ ఏమీ అనలేదు. ఆడపిల్ల రోడ్డు మీద నిక్కరుతో ఉరుకుతోందని కడుపులో ఎంత మంటగా ఉన్నా, దాన్ని బయటికి అనడానికి మర్యాదైన మాట దొరకలేదు వాళ్ళకు. చలి వచ్చింది, ఆ మాట తెచ్చిచ్చింది. ఊరికి చలి ఎంత ఉపకారం చేసిందో నేను చూశాను.

బస్సు ఆగే చోట ఒక టీ హోటలుంది. పొద్దున్నే దాని ముందు చలిమంట, మంట చుట్టూ మగవాళ్ళు. వాళ్ళలో ఒకాయన మా నాయినకు దోస్తు, నాకు వరసకు కాక. దసరాకు మెడకు చుట్టిన మఫ్లరు హోళీ దాకా విప్పడు. మనసులో ఆయనకు మఫ్లర్ కాక అని పేరు పెట్టుకున్నాను. ఇక్కడా అదే పేరుతో పిలుస్తాను, ఆయన చదివితే చదవనీ. ఆయన దగ్గర ఒక ట్రాక్టరుంది, చాలా అభిప్రాయాలున్నాయి.

బడి నుంచి కరెంటు సబ్‌స్టేషన్ దాకా పోయి రావడం నా దారి. హోటలు మధ్యలో వస్తుంది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ మంట ముందు నుంచే ఉరకాలి.

"సలి పెడ్తలేదా బిడ్డా?" అనేవాడు మఫ్లర్ కాక, టీ గ్లాసును రెండు చేతుల్లో పట్టుకొని.

"పెడ్తలేదు కాకా" అనేదాన్ని ఆగకుండానే.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట" అని వెనక నుంచి ఇంకెవరో అనేవారు. మంట దగ్గర నవ్వులు.

పెడ్తలేదు అన్నది పచ్చి అబద్ధం. పెట్టేది. ఎముకల్లోకి దిగేది. చేతివేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయి, ఇంటికొచ్చాక చెంబు కూడా పట్టుకోలేకపోయేదాన్ని. చెవుల్లో పోటు పుట్టేది. తొడల మీద చర్మం ఎర్రబడి చురుక్కుమనేది. కానీ వాళ్ళ ముందు ఒప్పుకుంటే ఓడిపోయినట్టే అనుకున్నాను. పెడుతోంది అంటే, మరి నిండుగా వేసుకోరాదా అంటారు. అందుకని రోజుకు రెండుసార్లు అబద్ధమాడుతూ ఉరికాను.

నిండుగా వేసుకొని చూడలేదా అంటే అదీ చూశాను. ఒకరోజు స్వెటరు, కింద ట్రాక్ ప్యాంటు వేసుకొని పోయాను. ఉరుకు మొదలైన రెండు నిమిషాలకు మన ఒళ్ళే పొయ్యి అవుతుంది. స్వెటరు చెమటకు తడిసి బరువెక్కింది, ఆగగానే ఆ తడి మంచుగడ్డై వీపుకు అంటుకుంది. గడియారం చూసుకుంటే ఎప్పటికంటే చాలా వెనకబడ్డాను. ఉరికేవాళ్ళు ఎండాకాలం బట్టలెందుకు వేసుకుంటారో ఆరోజు నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మంట ముందు కూర్చునేవాళ్ళకు తెలియకపోతే అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళెప్పుడూ ఉరకలేదు.

మఫ్లర్ కాక నాయినకు చెప్పాడు. నాయిన అమ్మకు చెప్పాడు. అమ్మ మధ్యేమార్గం కనిపెట్టింది. ఉరికినంతసేపు నీ ఇష్టం, ఇంట్లో మాత్రం నా ఇష్టం. "సల్లగాలి చెవులల్లకెల్లి పోతది, పానం ఖరాబైతది" అని ఇంటికి రాగానే నా చెవుల్లో దూది పెట్టి, తలకు పాత చీర పేలిక గట్టిగా చుట్టేది. ఒంటికి స్వెటరు తొడిగేది. పిక్కలు పట్టేస్తున్నాయని నేను మూలిగితే అవ్వ రంగంలోకి దిగింది. అవ్వ అంటే నాయిన తల్లి, డెబ్బై దాటిన మనిషి. వాగు గట్టుకు పోయి వాయిలాకు కోసుకొచ్చి, వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి మసలబెట్టేది. ఆ నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళు నొప్పులు తీసి పడేసినట్టు పోతాయి. వాసన మాత్రం వీధి మొత్తం తెలుస్తుంది. తర్వాత ఎల్లిపాయ కారం కలిపిన వేడన్నం. "నెమ్ము చేరది" అనేది అవ్వ.

తలకు చుట్టిన గుడ్డ, చెవుల్లో దూది, వాయిలాకు స్నానం, ఎల్లిపాయ కారమన్నం. తెలంగాణ పల్లెలో పుట్టిన ఏ ఆడదానికైనా ఈ నాలుగూ ఒక్కచోట కనిపిస్తే మనసులో వచ్చే మాట ఒక్కటే. బాలింత. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఉండి కూడా ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మాకు పరుగు తప్ప ఇంకేమీ కనిపించని రోజులవి.

ఒకరోజు పొద్దున ఎదురింటి చిన్నమ్మ చల్లకని చెంబు పట్టుకొని వచ్చింది. నేను అప్పుడే స్నానం చేసి, ఆ నాలుగు అలంకారాలతో అరుగు మీద కూర్చొని తింటున్నాను. చిన్నమ్మ నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. కాసేపు కాగును చూసింది. కాసేపు నా తలను చూసింది. తర్వాత మెల్లగా నా పక్కన కూర్చొని, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఎన్ని రోజులాయె బిడ్డా?"

నేను గోడమీది క్యాలెండర్లో రోజూ గీత కొట్టుకుంటున్నాను కనుక తడుముకోకుండా చెప్పాను. "ఇయ్యాల్టికి నలభై రోజులు చిన్నమ్మా."

చిన్నమ్మ గుండె మీద చేయి వేసుకుంది. "నొప్పులు బాగ లేసినయా?"

"మొదట్ల సచ్చిపోయిన. ఇప్పుడు జర నయం."

"గిదంత పట్నం పోయినంకనేనా?"

"ఔ చిన్నమ్మా. పట్నం పోకుంటె నాకు గీ ఆలోచననే రాకపోవు."

"ఎవలకన్న తెలుసునా?"

"దాచుడెందుకు? ఊరంత చూస్తనే ఉన్నరు గదా."

చిన్నమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా తల నిమిరి, "అయ్యో నా తల్లీ, ధైర్యంగ ఉండు" అని లేచి వెళ్ళిపోయింది. చల్ల పోయించుకోవడం కూడా మరిచింది. ఈమెకు నా పరుగు మీద ఎంత అభిమానం అని నేను ఆరోజంతా పొంగిపోయాను. నా అంత తెలివైనదాన్ని ప్రభుత్వం పోలీసు ఉద్యోగానికి పిలిచింది మరి.

సాయంత్రానికి ఊరంతా పాకింది. పిల్ల పట్నంలో మూడు నెలలు ఉండి వచ్చింది, కోచింగ్ అంట, ఏం కోచింగో. నలభై రోజుల బాలింత, తన నోటితో తనే ఒప్పుకుంది. ఉరుకుడు గిరుకుడు అంతా కప్పిపుచ్చడానికే. నలభై రోజుల బాలింత రోజూ సబ్‌స్టేషన్ దాకా ఉరికి రాగలదా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చలి గురించి అన్ని ప్రశ్నలు వేసిన ఊరికి ఈ ఒక్క ప్రశ్న తట్టలేదు.

నాయిన హోటలు నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "రేపటిసంది ఉరుకుడు బంద్" అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పడు. ఆ మాట నాయిన నోట రాదు. చివరికి అమ్మే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. నాకు ముందు నవ్వొచ్చింది. నిజంగానే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఒళ్ళు మండిపోయింది.

"నాయినా, నీకు ఎరుక లేదా?" అన్నాను.

"నాకు ఎరుకనే బిడ్డా. నాకు ఎరుకైతె ఏం ఫాయిద? మందికి ఎరుక గావాలె గదా."

"మంది కోసం నా పరీక్ష ఇడిసిపెట్టాల్నా?"

"నిప్పు లేంది పొగ రాదంటున్రు" అన్నాడు నాయిన తలొంచుకొని.

"పొగ వచ్చింది మన నీళ్ళ పొయ్యి కాంచి!" అని అరిచాను. నాయిన లేచి బయటికి వెళ్ళాడు. అవ్వ కాగు పక్కన కూర్చొని అంతా విన్నది. పరీక్షకు ఇంకా పదిహేడు రోజులున్నాయి.

మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. స్వెటరు వేసుకొని, దుప్పటి కప్పుకొని కూర్చున్నాను. ఆ మూడు రోజులు నాకు చలి పెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు. క్యాలెండర్లో మూడు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. ఉరికే కాళ్ళకు ఒక్కరోజు విశ్రాంతి మందు, మూడు రోజులైతే తుప్పు. నా ఒక్క చలికాలం ఇట్లా దుప్పటి కింద కరిగిపోతోంటే, నాయిన మీద కోపం కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

నాలుగో రోజు మా పొలంలో యాసంగి నాటు. మా బోరు కింద రెండెకరాలు. మా ఊళ్ళో నాటుకు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతారు, ఇవాళ మీరు మాకు, రేపు మేం మీకు. కాబట్టి ఇంటి ఆడవాళ్ళం ముగ్గురం, వాడకట్టు ఆడవాళ్ళు, వాళ్ళలో ఎదురింటి చిన్నమ్మ కూడా. మనిషి మీద ఎంత పుకారు పుట్టించినా బదులు మాత్రం ఎగ్గొట్టకూడదు, అది పద్ధతి.

పొద్దు పొడవకముందే అవ్వ వాకిట్లో నిలబడి చీరను గోచి పెట్టుకుంటోంది. రోజూ చూసే కాళ్ళే. ఆరోజెందుకో అట్లాగే చూస్తూ నిలబడ్డాను. నల్లటి సన్నటి కాళ్ళు, మోకాలి మీది దాకా బయటికి. పిక్కల మీద నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. పైన రవికె, ఒక పలచటి నేతచీర, అంతే. అమ్మ తన చీర మీద నాయిన పాత అంగీ తొడుక్కుంది. "పాత చుడీదారు ఏసుకొని మీదికి మడుసుకో" అంది నాతో. చుడీదారు మడిస్తే మోకాలి దాకా వస్తుంది. నా నిక్కరూ మోకాలి దగ్గరికే వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. లోపలికి పోయి నిక్కరు, టీషర్టు వేసుకొని వచ్చాను. అమ్మ నోరు తెరిచింది. అవ్వ "నడువు, పొద్దుపోతాంది" అంది.

బోరు నీళ్ళు పైపు దగ్గర గోరువెచ్చగా ఉంటాయి. అందరూ ముందు అక్కడ కాళ్ళు పెట్టుకుంటారు. మడిలో రాత్రంతా నిలిచిన నీళ్ళు వేరు. వాటిలో కాలు పెడితే ముందు మంట, తర్వాత నొప్పి, తర్వాత కాలున్నట్టే తెలియదు. పద్నాలుగు మంది ఆడవాళ్ళం పిక్కల దాకా బురదలో, వరసగా వంగి నాటు మొదలుపెట్టాం. గెట్టు మీద నాయిన నారుకట్టలు విసురుతున్నాడు. మడి దున్నిన ట్రాక్టరు మఫ్లర్ కాకది కనుక ఆయనా గెట్టు మీద హాజరు. మఫ్లరు పైన ఇప్పుడు మంకీ క్యాపు కూడా చేరింది. కళ్ళు మాత్రం బయట ఉన్నాయి. ఆ కళ్ళు నన్ను పట్టుకున్నాయి.

"ఏమే బిడ్డా, పొలంల గూడ గా నిక్కరేనా? సలి పెడ్తలేదా?"

వరసలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నాయిన చేతిలో నారుకట్ట చేతిలోనే ఉంది. నేను అలవాటు కొద్దీ "పెడ్తలేదు" అనబోయాను. ఈలోపు నా పక్కన అవ్వ నడుం మీద చేయి ఆనించుకొని లేచి నిలబడింది. ఒక చేతిలో నారు, మోచేతి దాకా బురద.

"ఓ కొడుకా, గీ మడిల ఎంతమంది ఉన్నం? లెక్కపెట్టు."

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు కాక.

"లెక్కపెట్టరాదు! పద్నాలుగు మందిమి. అందరి కాళ్ళు బయటనే ఉన్నయి. నీ కండ్లకు నా మన్మరాలి కాళ్ళే ఆనినయా?"

కాక నవ్వబోయాడు. అవ్వ నవ్వనివ్వలేదు.

"నేను గీ నీళ్ళల్ల దిగవట్టి అరవై ఏండ్లాయె. నీ లగ్గానికి ఊరంత తిన్న బువ్వ గీ కాళ్ళు నాటిందే. గీ అరవై ఏండ్లల్ల ఒక్కనాడన్న, పెద్దమ్మా సలి పెడ్తుందా అని అడిగినవా?"

"గది పని గద పెద్దమ్మా" అన్నాడు కాక నీళ్ళు నములుతూ.

"గిది గూడ పనే. పనికి దిగినోళ్ళకు సలి పెడ్తది. పెట్టనీ! పెడితె ఏమైతది? నాకు అరవై ఏండ్లు పెట్టింది, నేను సచ్చిన్నా?"

అవ్వ ఇటు తిరిగింది, ఎదురింటి చిన్నమ్మ వైపు.

"ఇగ నువ్వు. పిల్ల నెత్తికి గుడ్డ సుట్టింది నా కోడలు. వాయిలాకు కాగబెట్టింది నేను. కారమన్నం కలిపింది నేను. బాలింత ఎవలన్న ఉంటె మేమిద్దరమే. అడుగు మమ్ములను, ఏం పుట్టిందో!"

ఎవరో ముందు పకాలున నవ్వారు. చిన్నమ్మ మొహం కందిపోయింది. "అయ్యో అత్తా, నేను ఊకె అన్ననా? ఎన్ని రోజులాయె అంటె నలభై అన్నది. నొప్పులు లేసినయా అంటె సచ్చిపోయిన అన్నది..."

"ఉరుకుడు మొదలువెట్టి నలభై రోజులు చిన్నమ్మా!" అన్నాను. "పిక్కల నొప్పులు!"

అప్పుడు చూడాలి మడిని. ఒకామె నవ్వలేక నారుకట్ట మీద కూలబడింది. ఇంకొకామె కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా బురద చేసుకుంది. చివరికి చిన్నమ్మ కూడా కొంగులో మొహం దాచుకొని నవ్వింది. కుండ మూతికి మూకుడుంటుంది గానీ లోకం మూతికి మూకుడుండదంటారు. ఆరోజు మాత్రం లోకం దానంతట అదే మూతి మూసుకుంది, నవ్వి నవ్వి అలిసిపోయి. మఫ్లర్ కాక ట్రాక్టరు చూసుకోవాలని వెళ్ళిపోయాడు. నాయిన మాత్రం నవ్వలేదు. నారుకట్టలు విసరడం మానేసి, ఒక్కొక్కటి మోసుకొచ్చి అవ్వ చేతికి అందిస్తూ పోయాడు, పొద్దంతా.

తెల్లారి నేను లేచేసరికి, ఎప్పుడూ వాకిలికి అడ్డంగా ఉండే బర్రెను నాయిన పక్కకు కట్టేశాడు. తలుపు గొళ్ళెం తీసి ఉంది. నాయిన దొడ్లో పేడ ఎత్తుతూ అటు తిరిగి ఉన్నాడు. నేను ఉరికాను. హోటలు ముందు మంట, మంట చుట్టూ మగవాళ్ళు, ఎప్పట్లాగే.

"సలి పెడ్తలేదా బిడ్డా?" అన్నాడు మఫ్లర్ కాక. పాపం, అలవాటైన నోరు.

"పెడ్తాంది కాకా" అన్నాను.

ఆ ప్రశ్నకు అట్లాంటి జవాబు వస్తుందని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. దాని తర్వాత ఏమడగాలో వాళ్ళకు తెలియదు. నెలరోజులు అబద్ధమాడి నేను మోసిన బరువు ఒక్క నిజంతో దిగిపోయింది. చలి పెడుతోంది, నేను ఉరుకుతున్నాను. ఈ రెండింటికీ మధ్య తగాదా ఉందని నాకు నేర్పింది వాళ్ళే. నేనూ తెలివితక్కువగా నమ్మాను.

ఫలితం సంగతి ముందే చెప్పేస్తాను. ఆ జనవరిలో నేను గడియారం కంటే ముందే గీత దాటాను. తర్వాతి రాతపరీక్షా దాటాను. ఉద్యోగం వచ్చింది, ఖాకీ బట్టలతో పాటు ఒక ఖాకీ స్వెటరూ ఇచ్చారు. అది వేసుకొని మొదటిసారి ఇంటికి పోయేసరికి మరుసటి ఏడు శివరాత్రి దగ్గరపడింది. అవ్వ ఆ స్వెటరును వేళ్ళతో నలిపి చూసి, "మంచిగున్నది గానీ, శివశివ అనుకుంట సలి పోయేటప్పుడు ఇచ్చిన్రా?" అంది. ఇప్పటికీ పొద్దున్నే నేను ఉరికేది పొట్టి చేతుల బట్టల్లోనే.

కానీ నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది వేరే. పరీక్ష రోజు నాయినా నేనూ మొదటి బస్సుకు పాలమూరు పోయాం. స్టేడియం గేటు ముందు మంచు ఇంకా విడవలేదు. గేటు లోపలికి బ్యాగు తీసుకుపోవద్దు, స్వెటర్లు బయటే ఇచ్చేయాలి అన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలం, వందలమందిమి, నిక్కర్లతో, పొట్టి చేతుల చొక్కాలతో వరసలో నిలబడ్డాం. పళ్ళు టకటకలాడుతున్నాయి. వరస పక్కన నాయినలు, అమ్మలు, చేతుల నిండా బిడ్డల స్వెటర్లు. మా నాయిన గొంగడి కప్పుకొని, నా స్వెటరు మడిచి చంకలో పెట్టుకొని నిలబడ్డాడు.

నాయిన పక్కన మెడదాకా శాలువా కప్పుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు, ఎవరి తాలూకో తెలియదు. ఆయన మా వరస మొత్తాన్ని, మా కాళ్ళను, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఏందన్నా గీ కాలం! ఆడపిల్లలను గీ సలిల గిట్ల నిలవెట్టిన్రు. గా బట్టలేంది? సలి పెట్టదా?"

నా వీపు అటు ఉంది. నాయిన ఏమంటాడో అని నా ఒళ్ళంతా చెవులైంది. ఊళ్ళో అయితే నాయిన ఈ మాటకు తలొంచుకునేవాడు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది. నేనూ జరిగాను.

"పెడ్తది" అన్నాడు నాయిన.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. పొలంలో మోటరు శబ్దం మీద మాట్లాడేటప్పుడు వాడే గొంతు. వరసలో అందరికీ వినిపించింది.

"పెట్టనీ!"

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయం. కాళ్ళు వణుకుతున్నాయి, మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఆపుకోలేదు, దాచుకోలేదు. గేటు తెరిచారు.